బల్దియాకు బకీటు మోసిన ఎల్లయ్య కాక

“గుంజుండ్రి! ఇంక గుంజుండ్రి! ఏం జూస్తున్నరు?” అని నేను మొత్తుకుంటనే ఉన్న. తాడు బిర్రుగయి ఆగిపోయింది. నలుగురు మొగోళ్లు కాళ్లు తన్నిపెట్టి గుంజుతున్నరు. గుంతల నుంచి సప్పుడు లేదు. గింత సేపటి కింద దాక “ఇంకో బకీటు దింపుండ్రా, నిద్రవోతున్నరా?” అని తిట్టుకుంట ఉన్న గొంతు, మాట నడుమల ఆగిపోయింది. మల్లేశమన్న అంగి ఇప్పి పారేసి “నేను దిగుత, మా మామను తీసుకొస్త” అని గుంత అంచు మీదికి వంగిండు. నేను ఆయన రెండు కాళ్లు పట్టుకోని కింద కూలవడ్డ. పరాయి మొగోని కాళ్లు. ఈ సౌది దేశంల అట్ల పట్టుకుంటె ఏమయితదో నాకు తెలుసు. అయినా ఇడువలే. ఆయన నన్ను తిట్టిండు, తన్నిండు గూడ. ఆఖరికి తాడు కదిలింది. ఎల్లయ్య కాక మీదికొచ్చిండు. మనిషి వచ్చిండు, పానం రాలే.

హుఫూఫ్ పాత బస్తీల మట్టి ఇండ్లల్ల ఉండిపోయినోళ్లకు, ఇప్పుడు ఊర్లకు వాపస్ పోయినోళ్లకు ఈ మాట చేరాలెనని రాస్తున్న. మన ఎల్లయ్య కాక లేడు. జగిత్యాల మనిషి, సిమెంటు పనికి వచ్చినోడు, అందర్ని తిట్టెటోడు, అందరికి కాక. దవఖానల కాయితం మీద గుండె ఆగి పోయిండని రాసిన్రట. సచ్చినోళ్లందరికి గుండె ఆగుతదయ్యా! ఎందుకు ఆగిందని అడిగెటోడే లేడు. ఆయన పీతిగుంతల దిగి, ఆ గుంతల గాలికి పోయిండు. ఆయన దిగేటందుకు ఒక కారణముంది. ఆ కారణానికి కాళ్లున్నయి, చేతులున్నయి, తెల్ల కారున్నది. అది చెప్పెటందుకే కూసున్న. పోయినోళ్ల ఆత్మకు శాంతి కలగాలె అని అందరు రాస్తరు, నేను రాయ. కాకకు శాంతి ఏడిది? బతికినన్నొద్దులు కోపంతోటె బతికిండు. ఆ కోపమే ఆయన అందం.

ముందుగాల ఇల్లు సంగతి చెప్పాలె. కఫీల్ అంటె మాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు దొర. అది వాళ్ల తాతల నాటి మట్టి ఇల్లు. నడుమ వాకిలి, సుట్టు అర్రలు. వాళ్లు కొత్త బంగ్లకు పోయిన్రు, ఈ పాతింటిని అర్ర అర్రకు మనోళ్లకు కిరాయికిచ్చిన్రు. మా ఆయిన కఫీల్ కారు నడుపుతడు, నేను వాళ్ల బంగ్లల ఊడ్సుడు, తుడుసుడు. ఇల్లు సూసుకున్నట్టు ఉంటదని మా ఇద్దర్ని ఈ పాతింటి గేటు కాడి అర్రల ఉంచిన్రు. ఇంటినిండ మొగోళ్లు, అందరికి ఒక్కటే దొడ్డి. అదంత పోయి వాకిట్ల ఉన్న గుంతల పడ్తది. బయ్యార అంటరు ఈడోళ్లు. అది నిండితె పసుపుపచ్చ ట్యాంకరొచ్చి, పైపు దింపి, మిషన్ తోటి గుంజుకపోవాలె. ట్యాంకర్ పిలువాల్సినోడు ముదీర్. కఫీల్ తరుపున ఇండ్లన్ని సూసుకునెటోడు. కిరాయికి వస్తడు, కారు గూడ దిగడు, హారన్ కొడ్తడు. ట్యాంకర్ అంటె “బుక్రా” అంటడు. బుక్రా అంటె రేపు. ఆ రేపుకు మా ఇంటి తొవ్వ దొరకదు.

“దొర ఇంట్ల దొడ్డి ఉంటది బిడ్డా. మనం దొడ్లె ఇల్లు పెట్టుకున్నం” అనెటోడు కాక.

నేను కొత్తగ వచ్చిన ఏడాదే లడాయి మొదలయింది. సద్దాం గ్యాస్ ఇడుస్తడని ఒకటే పుకారు. అరబ్బోళ్లకు మొఖాలకు పెట్టుకునే తిత్తులు ఇచ్చిన్రు, మనకేమిచ్చిన్రు? కిటికీలకు ప్లాస్టిక్ కాయితం అతికిచ్చుకోండ్రి అన్నరు. మనోళ్లు భయానికి సందు లేకుంట అతికిచ్చిన్రు, తలుపు కింద తడి గుడ్డలు కుక్కిన్రు. పొద్దుగూకంగ సైరన్ మొగెది, అందరు ఒక్క అర్రల దూరెటోళ్లు. మమ్ముల్ని గూడ దూరుమన్నరు. లోపట చెమట కంపు, కాళ్ల కంపు, ఒకాయనకు కడుపు గడబిడ. అందరు దేవుళ్లను మొక్కుతున్నరు. కాక లేశి నిలవడ్డడు. “సద్దాం గ్యాస్ ఎప్పుడొస్తదో గని, మీ గ్యాస్ తోటి ఇప్పుడే పోయెటట్టున్నం” అని ప్లాస్టిక్ సర్రున సింపేశిండు. లొల్లి లొల్లి. కొట్టెటందుకు లేశిన్రు. అప్పుడే ఒకడు కిసుక్కున నవ్విండు, ఇంకోడు నవ్విండు, ఇగ సైరన్ మొగుతుంటె మేమందరం పొట్టలు పట్టుకోని నవ్వుడే.

తెల్లారి ఆయన గడ్డపార తెచ్చి ఆ అర్ర ఎనుక గోడకు బొక్క పెట్టిండు. మట్టి గోడ, రెండు జానలు మందం. ముదీర్ సూస్తె ఎట్ల అన్నరు. “లడాయిల బాంబు పడ్డదని చెప్పుండ్రి” అన్నడు. లడాయి అయినంక దానికి కట్టె చట్రం బిగించి కిటికీ చేశిండు. ఆ తర్వాత ఒక్కొక్క అర్రకు ఒక్కొక్క కిటికీ పుట్టింది. దగ్గుతోటి పడున్న ముసలి రాజిరెడ్డన్న ఆ కిటికీ కిందనే పండి బాగయి లేశి కూసున్నడు, ఊరికి తన కాళ్ల మీదనే పోయిండు. హుఫూఫ్‌ల మన ఇంటికి ఉన్న కిటికీలన్ని బాంబులే, యాదుంచుకోండ్రి.

లడాయప్పుడు మా సందుల ఉన్న యెమనోళ్లు ఎల్లిపోయిన్రు. వాళ్ల జాగలల్లకు మన జిల్లాలోళ్లు దిగిన్రు. మా ఇంట్ల గూడ మంది పెరిగిన్రు. దొడ్డి అదే, గుంత అదే. అప్పుడు కాక వంతు పెట్టిండు. చీపురు ఎవ్వల తలుపు కాడుంటె ఆ పొద్దు దొడ్డి కడుగుడు వాళ్లది. కడిగి పక్క తలుపు కాడ చీపురు పెట్టాలె. అంతే లెక్క. నేనూ కడిగిన, మా ఆయిన సిగ్గుతోటి సచ్చుకుంట కడిగిండు. సాగర్ అని ఒకడుండె, ఊర్ల పటేల్ల పిలగాడు, ఈడ టైల్స్ మోస్తడు. వాని తలుపు కాడ చీపురు రెండు దినాలు అట్లనే ఉంది. మూడో పొద్దు కాక వాని మంచం కాడికి పోయిండు.

“ఏంరా, చీపురుకు మొలకలస్తయని సూస్తున్నవా?”

“గది నా పని కాదు ఎల్లన్నా. గది మీ పని. మీ అమ్మ బల్దియాల చేశిన పనే గదా.”

నిజమే, కాక వాళ్ల అమ్మ జగిత్యాల బల్దియాల సందులు ఊడ్శిన మనిషి. ఆ మాట ఆయన ఎన్నడు దాయలే. సౌదిల అందరం ఒక్కటే, అందరం కూలోళ్లమే అని మనోళ్లు పండుగ నాడు తాగి, భుజాల మీద చేతులేసుకోని చెప్తరు. దొడ్డి కడుగుడు రాంగనే కులం యాదికొస్తది. సముద్రం దాటి వచ్చినా వదలని రోగం గిది, దీనికి ఏ దవఖానల మందు లేదు.

కాక ఏమన్నడు? నవ్విండు. “నీ పాస్‌పోర్ట్ తోటె నీ పటేల్‌గిరి గూడ కఫీల్ బీరువల పెట్టి తాళమేసిండు బిడ్డా. ఇంటికి పోయెటప్పుడు రెండు కలిపి తీసుకో. అప్పటి దాక చీపురు పట్టు.” ఇల్లంత గొల్లుమన్నది. సాగర్ మొఖం మాడ్సుకోని కడిగిండు. కడిగిండు గని మనసుల పెట్టుకున్నడు. అది ముందటికి చెప్త.

కాక దేవుడేం కాదు. తంబాకు నములుడు, గోడకు ఊంచుడు. “కాకా, అందరికి శుభ్రం చెప్తవు, గోడ మీద ఊంచుడేంది? మోరిల ఊంచరాదు?” అని నేను కొట్లాడెదాన్ని. “గోడ కఫీల్‌ది బిడ్డా, మోరి మనది” అనెటోడు. ఏం చెప్తరు గిసొంటి మనిషికి! నోరు మంచిది గాదు. చీపురు పట్టనోని బువ్వగిన్నె ఇసిరి కొట్టిండు ఒకసారి. మా ఆయిన తోటి నెల రోజులు మాట్లాడలే, కాళ్లు కడగకుంట అర్రలకు వచ్చిండని. “కంపు అలవాటయిందంటె మనిషి సగం సచ్చినట్టే” అని మాటిమాటికి అంటుండె. విని విని మాకు ఇసుగొచ్చెది. ఇప్పుడు అనెటోడు లేడు.

ఇగ అసలు సంగతికొస్త.

పోయినేడు ఎండకాలం గుంత పొర్లి, మోరి నిండి, సందంత పారింది. ముదీర్ బుక్రా అన్నడు. పక్క సందుల ఒక పాకిస్తానీ దుకాణపాయన కాక తోటి “బలదియ్యకు చెప్పుకోండ్రి” అన్నడట. కాక ఉరుక్కుంట వచ్చిండు, మొఖం ఎలిగిపోతుంది.

“బిడ్డా సరోజనా! ఈడ గూడ బల్దియా ఉన్నదటనే! నాకు ఇన్నేండ్లల్ల ఎవ్వలు చెప్పలే. పేరు గూడ అదే! బల్దియా!”

“పేరు అదే ఉంటె ఏమాయె కాకా, అరబ్బోళ్లది గదా.”

“బల్దియా అంటె బల్దియానే. నాకు నేర్పుతవా? మా అమ్మ పన్జేసిన జాగ.”

మనకు తెల్సు గద, నిజాం నాటి నుంచి మున్సిపాల్టిని మనం బల్దియానే అంటం. ఊర్ల మోరి పొర్లితె ఏం చేస్తరు? గంపెడు బురద ఎత్తుకపోయి బల్దియా మెట్ల మీద పోస్తరు. అప్పుడు లోపలోళ్లు ముక్కు మూసుకోని బయటికొస్తరు. కాక గూడ అదే చేశిండు! హుఫూఫ్‌ల! బకీటు నిండ మోరి బురద నింపుకోని, మీద గోనెసంచి కప్పి, ఎండల నడుసుకుంట పోయి ఆ పాలరాతి మెట్ల మీద పెట్టిండు. సౌదిల మనోడు ఎవ్వడన్న చేస్తడా ఈ పని? మన జగిత్యాలోడు తప్ప?

జవాను గల్ల పట్టుకున్నడు. లోపట టైపు కొట్టే హైద్రాబాద్ ఖదీర్ భాయ్ సప్పుడు ఇని ఉరికొచ్చి అడ్డం పడ్డడు. “అరే మామా, గిది నీ జగిత్యాల బల్దియా అనుకున్నవా? జైల్ల ఏస్తరు!” అంటె కాక “పేరు ఒక్కటే గద భాయ్, పని ఏరే ఉంటదా?” అన్నడట. ఆ మాటను ఖదీర్ భాయ్ లోపటి పెద్దాఫీసర్‌కు అరబ్బీల చెప్పిండు. ఆఫీసర్ మొదలు నవ్విండు. ఎనుక బకీటు దిక్కు సూశిండు. మీద సంచి తియ్యిమన్నడు. తియ్యంగనే నవ్వు ఆగిపోయిందట. “ఇది మనుషులుండే ఇంట్ల నుంచేనా?” అని అడిగిండట. ఈ కథ కాక మాకు ఎన్నిసార్లు చెప్పిండో. చెప్పినప్పుడల్ల ఆ ఆఫీసర్ జర పొడుగయ్యెటోడు.

రెండు దినాలకు బల్దియా మనిషి వచ్చిండు. తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకోని గుంత సూశిండు, అర్రలు సూశిండు, బయటి గోడ మీద ఎర్ర రంగుతోటి రాసి పోయిండు. కొత్త గుంత తవ్వి పైపులెయ్యాలె, లేకుంటె ఇంట్ల మనుషుల్ని ఉంచొద్దు అని. మనోళ్లు కాక మీద పడ్డరు. “మమ్ముల రోడ్డు మీద పడేస్తవా?” అని తిట్టిన్రు. కాక ఇనలే. ఆ పొద్దు ఇంటిల్లిపాదికి చాయ పోశిండు, రంగు ఆరిందా లేదా అని పోయి ఏలుతోటి ముట్టి ముట్టి సూశిండు.

ముదీర్ వచ్చిండు. ఆ పొద్దు కారు దిగిండు! ఎంబడి ఒక మనిషి, ఒక డబ్బ. గుంత తవ్వెటందుకు అనుకున్నం. డబ్బల సున్నం. ఎర్ర రాత మీద సున్నం కొట్టిచ్చిండు, గోడ పెండ్లి ఇల్లు లెక్క తెల్లగయింది. ఇంకో మాట లేకుంట పోయిండు. బల్దియా మనిషి మళ్ల రాలే. వచ్చి తెల్ల గోడ సూశి పోయిండో ఏమో.

“రంగు మీద సున్నం కొట్టిన్రు. కంపు మీద ఏం కొడ్తరు?” అన్నడు కాక. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతుల తిట్టు లేదు. అది నాకు భయమయింది.

ఇగ ఈ చలికాలం వాన పడ్డది. ఈడ వాన తక్వ, పడితె ఒక్కసారె. గుంత లోపటి గోడ ఒక దిక్కు కూలి, పైపు మూసుకపోయి, నీళ్లన్ని ఎనుకకు తన్నినయి. బువ్వ వండుకునే అర్రలకు వచ్చినయి. ఇద్దరు వాంతులు, బేదులతోటి పడ్డరు. ముదీర్‌కు మా ఆయిన ఫోన్ చేశిండు. ముదీర్ వచ్చి, కారు అద్దం జర దించి, వచ్చీరాని హిందీల “బల్దియాకు పోయినోడు ఎవ్వడు? వాన్నే దింపుండ్రి. సాఫ్ చేస్తె ఉండుండ్రి, లేకుంటె అందరు ఖాళీ చెయ్యిండ్రి” అన్నడు. ట్యాంకర్ ఒక్క ఫోన్ దూరం. ఒక్క ఫోన్! కాక మోరి బురద మెట్ల మీద పెట్టినందుకు, ముదీర్ కసి గిట్ల తీర్సుకున్నడు.

నేనొద్దన్న. “కాకా, గుంతల దిగకు. పొర్లనీయి. అందరం రోడ్డు మీదికి పోదం” అన్న. “ఆ ఇద్దరు లేవలేక అదే నీళ్లల్ల పండిన్రు బిడ్డా. నువ్వు నోరు మూసుకోని చాయ పెట్టు, చక్కెర గట్టిగెయ్యి” అన్నడు. నడుముకు తాడు కట్టుకున్నడు, అంగి ఇప్పి మల్లేశమన్న చేతికిచ్చిండు, దిగిండు. మిగిలింది మీకు ముందే చెప్పిన.

లడాయి పొద్దు ఏ గ్యాస్ రాలే. అందరికి మొఖాల తిత్తులు, ప్లాస్టిక్ కాయితాలు, రేడియోల జాగ్రత్తలు. మా వాకిట్ల గుంతల ఏండ్ల నుంచి గ్యాస్ ఊరుకుంట ఉన్నది, దానికి ఒక సైరన్ ఉన్నదా? ఒక రేడియో చెప్పిందా? సద్దాం చేతిల సస్తె లోకమంత తెలుస్తుండె. బుక్రా చేతిల సచ్చినోని పేరు గీ వాకిలి దాటదు. అందుకే రాస్తున్న, పేరు పేరున సదువుండ్రి: ఎల్లయ్య. ఊర్ల భార్య రాజవ్వ. ఆమెకు ఇంక శవం గూడ చేరలే, దవఖాన ఐసు పెట్టెల ఉంది.

ఇంత రాశినా సగం మిగిలింది. ఆ పొద్దు మాపటీలి, కాకను తీసుకపోయిన బండి సందు దాటిందో లేదో, ముదీర్ వచ్చిండు. వచ్చి ఏమన్నడు? అయ్యో అన్నడా? “గుంత ఇంక సాఫ్ కాలే గదా. రేపు పొద్దుగాల ఇంకోన్ని దింపుండ్రి” అన్నడు. ఎవ్వల పేరు చెప్పలే. చెప్పే పని వానికి లేకుండె. మనోళ్ల కండ్లే చెప్పినయి. అందరి సూపులు పోయి పోయి మల్లేశమన్న మీద ఆగినయి. ఆయన కాకకు మేనల్లుడు, ఇద్దరాడపిల్లల తండ్రి, తొడ మీద మామ అంగి పెట్టుకోని మూలకు కూసున్నడు.

సాగర్ నోరు తెరిశిండు. “వాళ్లకు జర అలవాటుంటది గద...”

“నీ నోట్ల మన్నుపొయ్య!” అని నేను ఉరికిన. “ఏం అలవాటురా? సచ్చుడా? కాక బొక్క పెట్టిన కిటికీ కింద పండుతవు, కాక పెట్టిన వంతుతోటి బతుకుతవు, ఇంక ఆయన ఒళ్లు సల్లగ కాలే, ఇంకో మనిషిని దింపుతవా? వంతు అంటిరి గద, దా, ఇప్పుడు చీపురు నీ తలుపు కాడ పెడ్త, నువ్వు దిగు!”

వాడు మొఖం దించిండు. మల్లేశమన్న మెల్లగ అన్నడు, “లొల్లి ఎందుకు చెల్లె. దిగుత తీ. ఎవ్వడో ఒకడు దిగాలె గద.” మా ఆయిన నా రెక్క పట్టి అర్రలకు గుంజుకపోయిండు. “నోరు ముయ్యి. కఫీల్ చెవున పడితె ఇద్దరికి ఎగ్జిట్ కొట్టి పంపుతడు. ఇంటికి పోయి ఏం తింటం?” ఆయన గూడ తప్పు అంటలేడు. భయపడుతుండు. ఈడ అందరం భయం మీదనే బతుకుతం, అద్దె ఇచ్చి మరీ.

కాక అసొంటోడు మళ్ల పుట్టడు అని రాయాలె గద ఈడ. పుడతడు. మన ఊర్లల్ల అసొంటోళ్లు పుట్టుకుంటనే ఉంటరు. వాళ్లను గుంతలకు దింపే చేతులు గూడ పుట్టుకుంటనే ఉంటయి. నాకు నొప్పి అదే. ఆయన జాగల ఎవ్వలు రారు అని కాదు, ఆయన పోయిన జాగకే ఇంకోన్ని తోలుతున్నరు అని. ఎల్లయ్య కాకా, నీ కాళ్లు కడిగి మొక్కుదమంటె ముట్టనియ్యలే నన్ను, మొగోళ్లే నీ ఒళ్లు కడిగిన్రు. గీ నాలుగు మాటలే నా దండం.

తెల్లారింది. ముదీర్ కారు హారన్ ఇనరాకముందే నేను నల్ల అబాయ ఏసుకున్న, మొఖం మీదికి గుడ్డ గుంజుకున్న. చాటల బియ్యం పోసుకున్న. వాకిట్లకు పోయి, గుంత మీద ఉన్న సిమెంటు మూత మీద సక్కగ మఠమేసుకోని కూసున్న. మొగోళ్లు తలుపులల్ల నిలవడి సూస్తున్నరు. మల్లేశమన్న తాడు పట్టుకోని వచ్చి “లే చెల్లె” అన్నడు. లేవలే.

ముదీర్ గేటు కాడికొచ్చిండు, నన్ను సూశి ఠక్కున మొఖం తిప్పుకున్నడు. పరాయి ఆడిదాన్ని సూడొద్దు, ముట్టొద్దు, మాట్లాడొద్దు గదా. ఈ దేశం నాకిచ్చింది గదొక్కటే, గదే పట్టుకోని కూసున్న. వాడు గోడ దిక్కు సూసుకుంట మా ఆయిన మీద అరిశిండు, “నీ ఆడిదాన్ని లేపు!”

మా ఆయిన నా దిక్కు సూశిండు. “ట్యాంకర్ వస్తె లేస్తదట సార్” అన్నడు. నేనాయనకు అట్ల చెప్పనే లేదు.

వాడు కఫీల్ పేరు తీసి ఏందేందో అన్నడు. నేను తల ఎత్తలే. చాట మోకాళ్ల మీద సర్దుకోని, బియ్యంల రాళ్లు ఏరుడు మొదలుపెట్టిన.